సిమిలిగుడ చలికి సెకండ్‌హ్యాండ్ పెల్లెట్ స్టవ్: మా ఇంటి పని డైరీ

నవంబర్ 3

గదిలో కుంపటి పెట్టుకోవద్దని అమ్మకు ఈ ఏడాది కూడా చెప్పాను. "మరి చలికి ఏటి చెయ్యమంటావురా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు కోసమే ఈ పని మొదలుపెట్టాను.

పోయిన జనవరిలో జరిగింది ఇంకా కళ్ల ముందే ఉంది. తెల్లవారుజామున ఐదింటికి తలుపు తీస్తే అమ్మ మంచం మీద తల పట్టుకుని కూర్చుని ఉంది. లేవబోయి తూలింది, వాంతి చేసుకుంది. మంచం పక్కన కుంపట్లో బొగ్గులు పైన బూడిద కప్పుకుని లోపల ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గాలి రాకుండా కిటికీ సందుల్లో పాత చీర పీలికలు కుక్కి పెట్టుకుంది. వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెడితే గంటన్నరకు తేరుకుంది. బొగ్గు బాగా రాజుకున్నాక పొగ రాదు కాబట్టి భయం లేదని మా వైపు అందరి నమ్మకం. కానీ ఆ బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ రోజు ఇంకో రెండు గంటలు ఆలస్యంగా లేచి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తుంది.

మా సిమిలిగుడ ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. కింద ఆంధ్రా వైపు సాలూరులో ఫ్యాన్ వేసుకుని కూర్చున్నవాళ్లు సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి దాటేసరికి శాలువా కప్పుకోవాల్సిందే. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున పది డిగ్రీల లోపే. ఇళ్లు మాత్రం కింద మైదానంలో కట్టుకున్నట్టే స్లాబు, వెంటిలేటర్లు, గచ్చు నేలతో కట్టుకున్నాం. కరెంటు హీటర్ వాడి చూశాం. సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు అది ఒట్టి ఎర్ర దీపంలా వెలుగుతుంది తప్ప గది వేడెక్కదు.

నవంబర్ 10

విశాఖలో మా బావమరిది ఒక పెల్లెట్ స్టవ్ అమ్మకానికి ఉందని చెబితే వెళ్లాను. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గొట్టాల్లాంటి ముక్కలే పెల్లెట్లు. స్టవ్ వెనక తొట్టిలో వాటిని పోస్తే, అడుగున ఉన్న స్క్రూ మెల్లగా తిరుగుతూ కొద్దికొద్దిగా మంట గిన్నెలోకి జారవిడుస్తుంది. ఒక ఫ్యాన్ పొగను బయటకు తోస్తుంది, ఇంకో ఫ్యాన్ వేడిగాలిని గదిలోకి వదులుతుంది. 1970ల్లో చమురు కొరత చూశాక 1980ల్లో అమెరికా వాయవ్య ప్రాంతంలో ఈ రకం స్టవ్‌లు మొదలయ్యాయి. ఇటలీ ఇళ్లలో ఇవి చాలా మామూలు. నేను చూసింది కూడా ఇటలీలో తయారైనదే. అక్కడ చాలా ఏళ్లు ఉద్యోగం చేసిన ఓ పెద్దాయన ఇంటి సామానుతో పాటు తెచ్చుకున్నారు. విశాఖలో దానితో పనేముంది? ఆరేళ్లుగా కారు షెడ్డులో పడి ఉంది.

"నేనైతే వచ్చాక ఒక్కసారి కూడా వెలిగించలేదు బాబూ. మీకు ఎలా చూసుకోవాలనిపిస్తే అలా చూసుకోండి" అన్నారాయన. రెండున్నర గంటలు చూసుకున్నాను. ఏం చూశానో వివరంగా రాస్తున్నాను, పాత స్టవ్ కొనేవాళ్లకు అన్నింటికంటే పనికొచ్చేది ఇదే.

ముందు వెనక ప్లేటు మీద ఉన్న అంకెలు చూశాను. 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన కరెంటుకు సరిపోతుంది. అమెరికా నుంచి వచ్చినవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేసినా హెర్ట్జ్ మారదు కాబట్టి వాటి మోటార్లు నెమ్మదిగా తిరిగి వేడెక్కుతాయి. అలాంటిది సగం ధరకు వచ్చినా నేను కొనను.

తర్వాత తలుపు. చుట్టూ గ్లాస్ ఫైబర్ తాడు ఉంటుంది, లోపలి గాలి బిగుతు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగాను. పైనా, ఎడమపక్కా నోటు గట్టిగా పట్టుకుంది. కింద కుడి మూల నుంచి సులువుగా జారి వచ్చేసింది. తాడు అక్కడ చదునైపోయింది. మార్చుకోవచ్చు, కానీ బేరానికి పనికొచ్చే లోపమే.

మంట గిన్నె తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాను. అడుగున ఉన్న గాలి చిల్లులు గుండ్రంగానే ఉన్నాయి. బాగా వాడేసిన గిన్నెలో ఆ చిల్లులు కాలి, పెద్దవై, వంకరగా మారిపోతాయి. లోపలి గోడలకు పెట్టిన, వేడి తట్టుకునే వర్మిక్యులైట్ పలకల్లో ఒకటి పగిలింది. రెండు ఫ్యాన్లనూ వేలితో తిప్పాను. వేడిగాలి ఫ్యాన్ సాఫీగా తిరిగింది. పొగ ఫ్యాన్ మాత్రం ఒకచోట బరబరా రాసుకుంది. మసి పేరుకుంటే వచ్చే శబ్దం వేరు, బేరింగ్ పోతే వచ్చే శబ్దం వేరు. ఇది మసి లాగే అనిపించింది, అయినా మనసులో ఒక సందేహం మిగిలే ఉంది.

చివరగా మల్టీమీటర్. ఇగ్నైటర్, అంటే పెల్లెట్లను వెలిగించే వేడి కడ్డీ, 300 వాట్లది. 230ని 230తో గుణించి 300తో భాగిస్తే 176, అంటే దాని నిరోధం అన్ని ఓమ్‌లు ఉండాలి. మీటర్ 171 చూపించింది. బతికే ఉంది. ప్లగ్గు పెట్టగానే డిస్‌ప్లే వెలిగింది, స్క్రూ మోటారు తిరిగింది. అక్కడ పొగ గొట్టం లేదు కాబట్టి వెలిగించి చూడలేదు. ఈ ఒక్కటి తేలకుండానే కొనాల్సి వచ్చింది.

ఆయన 35,000 అడిగారు. తాడు, పలక, పొగ ఫ్యాన్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 24,000కు ఒప్పుకున్నారు. మాన్యువల్ కూడా ఇచ్చారు, ఇటాలియన్‌లో ఉంది. బొమ్మలు చాలావరకు అర్థమవుతాయి, మిగతాది ఫోన్‌లో ఫొటో తీసి అనువదించుకున్నాను.

నవంబర్ 11

బొలెరో పికప్‌లో ఘాట్ ఎక్కించాం. 90 కిలోల బరువు. తలుపు అద్దం, పలకలు, మంట గిన్నె ముందే విప్పి దుప్పట్లో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. స్టవ్‌ను పడుకోబెట్టకుండా నిలువుగానే గోనె సంచుల మధ్య కట్టించాను.

నవంబర్ 17

ఆదివారం అంతా శుభ్రం చేయడమే పని. పొగ ఫ్యాన్ విప్పితే రెక్కల మీద మసి గట్టిపడి పెచ్చుల్లా ఉంది. ఇత్తడి బ్రష్‌తో గీకి, తుడిచి మళ్లీ బిగించాక శబ్దం పోయింది. బేరింగ్ బాగానే ఉంది. ఆ ఒక్క క్షణం కోసం వారం రోజులు ఎదురుచూశాను.

అసలు విషయం మాత్రం వెనక ఉన్న గాలి గొట్టంలో దొరికింది. మంటకు కావాల్సిన గాలి దాని గుండానే లోపలికి వెళ్తుంది. వేలు పెడితే రెండు అంగుళాల లోపల ఏదో గట్టిగా తగిలింది. టార్చి వేసి చూస్తే కందిరీగ కట్టిన మట్టి గూడు. చిన్న చిన్న గదులు, ఒక్కోటీ చిటికెన వేలంత, మూతలు పెట్టి నున్నగా అలికినట్టున్నాయి. గొట్టంలో మూడొంతులు మూసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఎర్రమట్టి పెళ్లలుగా రాలింది, లోపల ఎండిపోయిన సాలీళ్లు. ఇది చూడకుండా వెలిగించి ఉంటే గాలి చాలక మంట నల్లగా పొగలు కక్కేది. కారు షెడ్డులోనో వరండాలోనో ఏళ్ల తరబడి పడి ఉన్న స్టవ్ కొంటే అన్ని గొట్టాల్లోకీ టార్చి వేసి చూసుకోవాలి.

పాత తాడు పీకేసి, గాడి గీకి, కొత్త తాడు అంటించాను. తాడు వేసేటప్పుడు లాగి సాగదీయకూడదు. సాగితే సన్నబడి మళ్లీ నోటు జారిపోతుంది.

నవంబర్ 24

గోడకు రంధ్రం కొట్టడం. మేస్త్రీ ఒడియా ఆయన, మా వీధిలో సగం ఇళ్లు ఆయన చేతి మీదే లేచాయి. "ఆజ్ఞా, పది అంగుళాల గోడ, గంటలో అయిపోతుంది" అన్నారు. మూడు గంటలు పట్టింది. పని మాత్రం ఎంతో శుభ్రంగా చేశారు, లోపలి సున్నం ఒక్క పెచ్చు ఊడలేదు.

పొగ గొట్టం విషయంలో చాలామంది పొరపడతారు. మామూలు కట్టెల పొయ్యి చిమ్నీ పొగను పైకి లాగుతుంది. ఎక్కడైనా సన్న చీలిక ఉన్నా బయటి గాలే లోపలికి పోతుంది. పెల్లెట్ స్టవ్‌లో ఫ్యాన్ పొగను గొట్టంలోకి తోస్తుంది. అంటే చిన్న సందు దొరికినా పొగ గదిలోకి వచ్చేస్తుంది. అందుకే ప్రతి అతుకుకూ సిలికాన్ రింగు ఉండాలి, లేదా ఎక్కువ వేడి తట్టుకునే ఎర్ర సిలికాన్ పుయ్యాలి. మా దగ్గర షీటు పని చేసే ఒకాయన మామూలు జింకు రేకు గొట్టం చేసిస్తానన్నారు, అతుకులు మడిచి కొడతారట. వద్దన్నాను. విశాఖలో 80 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు, T ఆకారంలో ఉండే ఒక టీ ముక్క, వాన టోపీ చేయించుకొచ్చాను.

గోడ దాటగానే బయట టీ ముక్క పెట్టాం, దాని అడుగున మూత ఉంది, బూడిద అక్కడి నుంచి తీసేయొచ్చు. అక్కడి నుంచి రెండు మీటర్లు నిలువుగా పైకి పెట్టాం. ఫ్యాన్‌తోనే పని జరిగేటప్పుడు ఈ నిలువు గొట్టం ఎందుకని మేస్త్రీ అడిగారు. కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోతుంది, గిన్నెలో మిగిలిన నిప్పుల పొగను ఆ నిలువు గొట్టమే పైకి లాగాలని చెప్పాను. ఆయన తలూపి, తానే ఇంకో క్లాంపు ఎక్కువ వేసి బిగించారు. అమ్మ గది కిటికీకీ గొట్టం చివరకీ మధ్య తొమ్మిది అడుగులు వదిలాం.

డిసెంబర్ 1

మొదటిసారి వెలిగించాం. అమ్మను పక్కింటికి పంపి, కిటికీలన్నీ తీసి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బల్ల మీద పెట్టుకుని స్విచ్ నొక్కాను. ఏడో నిమిషంలో మంట లేచింది. మా పాప చప్పట్లు కొట్టింది. పదిహేనో నిమిషంలో స్టవ్ డిస్‌ప్లే మీద అలారం వచ్చి స్క్రూ ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అంతే. చాలా టెన్షన్ పడ్డాను.

డిసెంబర్ 4

మాన్యువల్ ప్రకారం అది ప్రెజర్ స్విచ్ అలారం. స్టవ్ లోపల గాలి ఒత్తిడి బయటికంటే కాస్త తక్కువగా ఉండాలి. తలుపు తెరిచినా, గొట్టం మూసుకుపోయినా ఆ తేడా పోతుంది, వెంటనే స్విచ్ పెల్లెట్లు పడకుండా ఆపేస్తుంది. ఈ స్విచ్‌ను వైరుతో దాటవేసి నడిపేవాళ్లు ఉన్నారట. ఆ పని మాత్రం ఎవరూ చెయ్యొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

స్విచ్‌కు వెళ్లే సన్న సిలికాన్ ట్యూబు తీసి నోటితో ఊదాను, బాగానే ఉంది. అది తగిలించే ఇత్తడి ముక్కులో సైకిల్ ఊచ దూర్చితే బఠాణీ గింజంత బూడిద ముద్ద రాలింది. ఫ్యాన్ శుభ్రం చేసినప్పుడు మసి అక్కడికి జారినట్టుంది. ట్యూబు కొస కూడా పగుళ్లు పట్టింది, అర అంగుళం కోసి మళ్లీ తొడిగాను. ఆ సాయంత్రం మూడు గంటలు ఆగకుండా మండింది.

ఇంకో సర్దుబాటు కూడా చేశాను. మన ఎత్తులో గాలి సముద్రతీరంలో కంటే దాదాపు పదో వంతు పలుచన. మంట బద్ధకంగా, నారింజ రంగులో ఊగుతూ ఉంటే సెట్టింగుల్లో పొగ ఫ్యాన్ వేగం రెండు మెట్లు పెంచాను. మంట పొట్టిగా, పసుపు తెలుపుగా, చురుగ్గా మారింది. అద్దం మీద నల్ల మసి కూడా తగ్గింది.

డిసెంబర్ 8

ఇప్పుడు పెల్లెట్ల సంగతి. మొదట జయపురం వైపు నుంచి ఒక వ్యాపారి ద్వారా వచ్చినవి కొన్నాను. బాయిలర్ల కోసం చేసినవి, ఊక కలిపినవి, 8 మి.మీ. లావు. థర్మల్ ప్లాంట్లలో బొగ్గుతో పాటు 5 శాతం పెల్లెట్లు కాల్చాలని కేంద్రం 2021 అక్టోబరులో చెప్పింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే సరుకులో చాలావరకు అలాంటి పెద్ద కొలుముల కోసం చేసేదే. ఇంటి స్టవ్‌కు అది పనికిరాదు.

గంటన్నరకే మంట చిన్నబోయింది. చల్లారాక గిన్నెలో చూస్తే కమ్మరి కొలిమిలో మిగిలే చిట్టెం లాంటి గడ్డ, గాజులా మెరుస్తూ, చిల్లులన్నీ మూసేసి ఉంది. ఉలితో లేపాల్సి వచ్చింది. ఊకలో ఇసుక గుణం ఎక్కువ, ఆ వేడికి బూడిద కరిగి గడ్డకడుతుంది. వంటింటి తూకంతో తూచాను. 5 కిలోలకు 600 గ్రాముల బూడిద, అంటే 12 శాతం. యూరప్‌లో ఇళ్లకు అమ్మే మేలు రకానికి బూడిద 0.7 శాతం దాటకూడదు, తేమ 10 శాతం దాటకూడదు.

తర్వాత విజయనగరం వైపు ఒక మిల్లు నుంచి ఒట్టి రంపపు పొట్టుతో చేసిన 6 మి.మీ. పెల్లెట్లు తెప్పించాను, కిలో 16 రూపాయలు. కొనే ముందు గ్లాసు నీళ్లలో నాలుగు వేశాను. అడుగుకు మునిగి, కాసేపటికి విచ్చుకుని పొట్టుగా మారిపోయాయి. బాగా నొక్కారు కాబట్టి మునిగాయి, జిగురు కలపలేదు కాబట్టి విచ్చుకున్నాయి. వీటికి 30 కిలోలకు 250 గ్రాముల బూడిద వచ్చింది. తేడా పొయ్యిలోనే కనిపిస్తుంది, పొద్దున్నే గిన్నె బోర్లిస్తే మైదా లాంటి బూడిద రాలిపోతుంది.

నిల్వ నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్లో. సంచుల్లో ఉంచితే పొద్దుటి మంచుకే చెమ్మ పట్టి ఉబ్బుతాయి, ఉబ్బినవి స్క్రూలో ఇరుక్కుంటాయి.

డిసెంబర్ 20

కావాలనే మంట జోరు మీద ఉన్నప్పుడు ప్లగ్గు పీకేశాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగలేదు. కాస్త పొగ వాసన వచ్చింది, నాలుగు నిమిషాల్లో పోయింది. ఆ రెండు మీటర్ల నిలువు గొట్టం తన పని తాను చేసింది.

అయినా కరెంటు పోయినప్పుడల్లా అలా జరగకూడదు. మా పాత ఇన్వర్టర్ మీద పెడితే ఫ్యాన్ గుర్రుమంటూ వణికింది, డిస్‌ప్లే మినుకుమినుకుమంది. అది కరెంటును గతుకులుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ రకం. దాన్ని ఇచ్చి, పైన 6,500 కట్టి, మామూలు కరెంటులా సాఫీగా ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ తెచ్చుకున్నాను, బ్యాటరీ పాతదే. స్టవ్ వెలిగేటప్పుడు 400 వాట్లు, మండుతున్నప్పుడు 100 లోపు తీసుకుంటుంది.

ఇప్పటిదాకా లెక్క: స్టవ్ 24,000, రవాణా 5,500, గొట్టాలు 7,200, తాడూ సిలికానూ 1,100, అలారం 2,400, మేస్త్రీ 1,200, ఇన్వర్టర్ 6,500. మొత్తం 47,900. పాత స్టవ్ కొనాలనుకునేవాళ్లు స్టవ్ ధరకు రెట్టింపు డబ్బు పక్కన పెట్టుకుని బేరానికి వెళ్లాలి. మిగతా సగం గొట్టం, గాలి, కరెంటు మీద పెట్టేది. అందులో ఒక్క రూపాయి కూడా తగ్గించుకోవాలని చూడకూడదు.

జనవరి 6

రాత్రి పది గంటలకు బయట 7 డిగ్రీలు. హాల్లో 21, తలుపు తీసి ఉంచితే అమ్మ గదిలో 18. ఇదే గదిలో పోయిన ఏడాది ఈ రోజుల్లో 12 ఉండేది. తక్కువ మంటలో గంటకు 700 గ్రాముల పెల్లెట్లు పడుతున్నాయి. సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా, మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు దాకా నడుపుతున్నాం. మొదట గది వేడెక్కేదాకా మంట పెంచుతాం కాబట్టి రోజుకు ఐదున్నర కిలోలు, అంటే 88 రూపాయలు.

అమ్మ మొదటి వారం దాని దగ్గరికి రాలేదు. "నిప్పు ఒక్కచోట ఉండాలి గానీ, ఈ ఊఁ ఊఁ శబ్దం ఏట్రా?" అంది. నిన్న రాత్రి మాత్రం కుర్చీ లాక్కుని అద్దం ముందు కూర్చుంది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. పెల్లెట్లు గిన్నెలో టిక్కుటిక్కుమని పడుతుంటే లెక్కపెడుతోంది. కిటికీ సందుల్లో చీర పీలికలు తనే తీసేసింది. అలారం ఆమె దిండు ఎత్తున గోడకు బిగించాను. స్టవ్ ఉంది కదా అని అలారం మానేయకూడదు, ఇదీ నిప్పే.

మార్చి 2

వారం నుంచి వెలిగించాల్సిన పని రాలేదు. ఈ రోజు మూసేశాను. తొట్టిలో మిగిలిన పెల్లెట్లు ఎత్తేసి, స్క్రూను ఒట్టిగా తిప్పి అందులో ఉన్నవి కూడా రప్పించాను. వానాకాలం అక్కడే ఉండిపోతే చెమ్మకు ఉబ్బి రాయిలా బిగుసుకుంటాయి. గొట్టం టీ మూత తీస్తే గుప్పెడు బూడిద వచ్చింది.

గాలి గొట్టం నోటికి సన్నని స్టీలు జాలీ బిగించాను, అది ఎప్పటికీ ఉంటుంది. పొగ గొట్టానికి జాలీ పెట్టకూడదు, బూడిదతో మూసుకుపోతుంది. దానికి మాత్రం ఈ ఆరేడు నెలలకు గట్టి గుడ్డ మూత కట్టాను. వరండా దూలం కింద కందిరీగలు అప్పుడే ఎర్రమట్టి తెచ్చుకుంటున్నాయి. ప్లగ్గుకు ఒక అట్టముక్క కట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను: "బయట గొట్టం మూత విప్పాకే స్విచ్ వెయ్యాలి." కింద మేస్త్రీ చేత ఒడియాలో కూడా అదే మాట రాయించాను.